మందగించింది తెరా, మనిషా?

కంప్యూటరు “స్లో” అయిందని ఎవరైనా అంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏది స్లో? ఫైలు తెరుచుకోవడానికి టైము పడుతోందా, లెక్క తేలడానికి పడుతోందా, లేక తేలిన లెక్క తెర మీదికి రావడానికి పడుతోందా? ఈ మూడో రకం జబ్బుని చాలామంది గుర్తుపట్టరు. మౌసు కదిపితే బాణం గుర్తు ఎవరో వెనకనుంచి తాడుతో లాగుతున్నట్టు కదులుతుంది. ఒక మానిటరు మీది విండోని పక్క మానిటరు మీదికి లాగితే మధ్యలో ఆగి, కాసేపు ఆలోచించి, అప్పుడు దూకుతుంది. టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే సీపీయూ సగం కూడా నిండదు, మెమరీ బోలెడు ఖాళీ. “అన్నీ బాగానే ఉన్నాయే!” అనుకుని రీస్టార్ట్ చేస్తాం. పది నిమిషాలు బాగుంటుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే.

ఒక కంప్యూటరుకి రెండు మూడు తెరలు తగిలించడం కొత్త విద్యేమీ కాదు. 1987లో వచ్చిన మెకింటోష్ టూ లోనే ఆ వీలుంది. విండోస్ 98 తొమ్మిది మానిటర్ల దాకా ఒప్పుకుంది, కొనిపెట్టే మహానుభావుడుండాలే గానీ. 2020లో అందరం ఇళ్ళల్లోనే ఆఫీసులు తెరుచుకున్నాక మీలో చాలామంది బల్లల మీదికి రెండోదో మూడోదో వచ్చి చేరే ఉంటుంది. అవి కంప్యూటరుకి ఏ దారిన కలిశాయో ఒక్కసారి బల్ల వెనక్కి వంగి చూడమని అడగడానికే ఇదంతా.

నేనుండేది సౌదీలో, అల్ ఖోబర్‌లో. ఒక కంపెనీలో కంప్యూటర్ల మంచీచెడ్డా చూడటం నా పని. 2023 ఆగస్టులో జుబైల్ నుంచి ఒక ఫోనొచ్చింది. జుబైల్ అంటే పెట్రోకెమికల్ ఫాక్టరీల ఊరు. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడి ఈ పారిశ్రామిక నగరం కట్టడం మొదలుపెట్టకముందు అదొక చేపలు పట్టుకునే చిన్న ఊరట. ఫోన్ చేసినతను జగిత్యాల వైపు మనిషి, అక్కడొక కాంట్రాక్టరు దగ్గర పైపింగ్ డిజైనరు. స్నేహితుడి స్నేహితుడు. పలకరింపులయ్యాక అతనన్న మొదటి మాట: “అన్నా, నేను స్లో కాదన్నా, గీ కంప్యూటర్ స్లో. మా మేనేజరేమో నన్నే స్లో అంటుండు.”

సంగతేమిటంటే, పొద్దున పూట రెండు డ్రాయింగులు తేలుతుంటే మధ్యాహ్నం ఒక్కటి కూడా సరిగ్గా తేలడం లేదు. టైమ్‌షీట్లలో అది కొట్టొచ్చినట్టు కనపడుతోంది. మేనేజరు దాన్ని భోజనం తర్వాతి కునుకు ఖాతాలో రాసుకున్నాడు. కాంట్రాక్టు అక్టోబరులో రెన్యూ కావాలి. గల్ఫ్ పాఠకులకి చెప్పక్కర్లేదు గానీ అమెరికాలో ఉన్నవారి కోసం: ఇక్కడి నివాస పర్మిట్‌ని ఇకామా అంటారు, అది ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. మీ హెచ్-1బీకి దగ్గర చుట్టమనుకోండి. కొత్త మెషీను ఇమ్మంటే కంపెనీ కుదరదంది. ఇక సొంత డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామని నిశ్చయించుకుని, ఏది కొనాలో చెప్పమని నాకు ఫోన్ చేశాడు. ఏదీ కొనకు తమ్ముడూ, శుక్రవారం వస్తానన్నాను. వాళ్ళ ఐటీ మనిషి రియాద్‌లో ఉంటాడు. ఆయనతోనూ ఫోన్‌లో ఒక మాట చెప్పించాను.

ఆఫీసంటే రేకుల పోర్టా కాబిన్. బల్ల మీద మూడు మానిటర్లు: నడిమిది 4కే, అటూ ఇటూ 1080పీవి. కంప్యూటరు బల్ల కింద, గోడకి ఆనించి ఉంది. వెనక్కి వంగి చూద్దును గదా, మూడు తెరలకీ మూడు దారులు. గ్రాఫిక్స్ కార్డుకి మూడు మినీ డిస్‌ప్లేపోర్టులున్నాయి, కానీ వాటికి సరిపోయే అడాప్టరు ఆ ఆఫీసులో ఒక్కటే దొరికినట్టుంది. దాంతో నడిమి మానిటరుని హెచ్‌డీఎంఐ కేబులుతో కార్డుకి కలిపారు. ఎడమ దాన్ని మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐలో గుచ్చారు. కుడి దానికి యూఎస్‌బీ డిస్‌ప్లే అడాప్టరు పెట్టి, దాన్ని ఒక పాత యూఎస్‌బీ హబ్‌కి తగిలించారు. మూడు తెరలూ వెలిగాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నారు.

ఇక్కడ కాస్త ఎక్కాలు చదవాలి. 4కే తెరలో 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెలుకి 4 బైట్ల చొప్పున ఒక ఫ్రేముకి 33 మెగాబైట్లు. సెకనుకి 60 ఫ్రేములంటే దాదాపు 2 గిగాబైట్లు. ఇది మీరు ఏ పనీ చెయ్యకుండా, ఖాళీ డెస్క్‌టాప్ వంక చూస్తూ కూర్చున్నా తెరకి పోవలసిన సరుకు. విండోలన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఆ ఫ్రేము తయారుచెయ్యడానికయ్యే ఖర్చు దీనికి అదనం. విస్టా రోజులనుంచి విండోస్‌లో ఆ పేర్చే పని డెస్క్‌టాప్ విండో మేనేజరుది. విండోస్ 8 నుంచి దాన్ని ఆపేసే వీలు కూడా లేదు. మామూలు గ్రాఫిక్స్ కార్డుకి ఇదేమంత పెద్ద బరువు కాదు. దారి ఇరుకైతేనే చిక్కు.

పెద్దపెద్ద తెరల గోడలు కట్టేవాళ్ళు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. ఇదే దేశంలో ఎర్రసముద్రం ఒడ్డున తువల్‌లో 2009లో తెరిచిన కౌస్ట్ విశ్వవిద్యాలయంలో ఆరు వైపులా బొమ్మ కనపడే కార్నియా అనే గది కట్టారు. అలాంటి గదుల్లో ఏ తెరకి ఏ యంత్రం, ఏ దారి అన్నది ముందే కాగితం మీద తేల్చుకుంటారు. మన బల్ల దగ్గరికొచ్చేసరికి ఏ కన్నంలో ఏ పిన్ను పడితే అదే లెక్క.

మళ్ళీ జుబైల్‌కి వద్దాం. నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: కలపడం కాదు, తీసెయ్యడం. డ్రాయింగు తెరిచి, మౌసుతో అటూ ఇటూ జరుపుతూ, కుడి మానిటరు యూఎస్‌బీ పీకేశాను. అంతే, అప్పటిదాకా ఎడ్లబండిలా ఉన్నది ఆటోరిక్షా అయింది. ఎందుకంటే యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద 480 మెగాబిట్లు. 1080పీ తెరకి 60 ఫ్రేముల చొప్పున కావలసింది దాదాపు 3 గిగాబిట్లు. ఆరు పుట్ల ధాన్యం ఒక పుట్టి గాదెలో పట్టాలంటే నొక్కాలి కదా? ఆ నొక్కే పని గ్రాఫిక్స్ కార్డు చెయ్యదు. సీపీయూ మీద నడిచే డ్రైవరు చేస్తుంది. కదలకుండా ఉన్న ఈమెయిలు చూపించడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అతనేమో కుడి మానిటరు మీద పెద్ద పీడీఎఫ్ తెరిచి రోజంతా పైకీ కిందకీ జరుపుతుంటాడు. జరిపిన ప్రతిసారీ సీపీయూ ఆ తెరని కొత్తగా కుదించి పంపాలి. నాలుగు కోర్ల సీపీయూలో ఒక కోరు పూర్తిగా దానికే పోయినా టాస్క్ మేనేజరు చూపించేది 25 శాతమే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాత ఎడమది. మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ అంటే ప్రాసెసరులో ఉన్న గ్రాఫిక్స్. అంటే కంప్యూటరులో ఇప్పుడు ఇద్దరు చిత్రకారులు. ఒక ప్రోగ్రాముకి బొమ్మ గీసేది కార్డు, అది కనపడవలసిన తెరేమో రెండో ఆయన చేతిలో ఉంది. అలాంటప్పుడు ప్రతి ఫ్రేమునీ కార్డులోంచి కంప్యూటరు మెమరీలోకి కాపీ చేసి, అక్కణ్ణుంచి తెరకి పంపాలి. నావిస్‌వర్క్స్ మోడలు నడిమి తెర మీద ఫర్వాలేదు, ఎడమకి లాగితే మొరాయిస్తుందని అతను చెప్పిన దానికి కారణం ఇదే. మీ దగ్గర ఇలా ఉందో లేదో తెలుసుకోవడానికి బల్ల వెనక్కి వంగక్కర్లేదు కూడా. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ఏ మానిటరు ఏ జీపీయూకి కలిసిందో పేరుతో సహా రాసుంటుంది.

ఆ పేజీలోనే నడిమి మానిటరు గుట్టు కూడా బయటపడింది. రిఫ్రెష్ రేటు 30 హెర్ట్జ్! డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక అడాప్టర్లలో మంచి రకం కూడా 4కే దగ్గర 30 హెర్ట్జ్‌తో ఆగిపోతుంది. 60 కావాలంటే యాక్టివ్ అనే రకం కొనాలి, లేదా అసలు హెచ్‌డీఎంఐ జోలికి పోకుండా నేరుగా డిస్‌ప్లేపోర్ట్ కేబులు వాడాలి. 30 హెర్ట్జ్ అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు. సినిమా చూస్తే తెలియదు. రోజుకి ఎనిమిది గంటలు మౌసుతో గీతలు గీసే మనిషికి మాత్రం చెయ్యి ముందు, కన్ను వెనక. అతను ఏడాదిగా తలనొప్పి మాత్రలు వేసుకుంటున్నానన్నాడు. దీనివల్లే అని నేననను.

సరే, ఇవన్నీ పొద్దున కూడా ఉన్నవే కదా, మరి మధ్యాహ్నం ఎందుకు ముదిరింది? అది చూడటానికి సాయంత్రం దాకా ఉండిపోయాను. పీకినవన్నీ మళ్ళీ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము నడిపించాను. పొద్దున 9 గంటలకి ప్రాసెసరు 78 డిగ్రీలు. బయట ఎండ ముదిరేకొద్దీ రేకుల కాబిన్‌లో ఆ కిటికీ ఏసీ చేతులెత్తేసింది. రెండున్నరకి 99 డిగ్రీలు, థర్మల్ థ్రాట్లింగ్ అన్న గడిలో “అవును”. ఈ ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే తమని తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటాయి. 4 గిగాహెర్ట్జ్‌తో నడవాల్సింది 2.6కి దిగింది. ఆటోకాడ్ చాలా పనులు ఒకే కోరు మీద చేస్తుంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా దానికి తగిలింది. యూఎస్‌బీ తెరని కుదించే పని కూడా అదే సీపీయూది కాబట్టి ఆ తెర మరీ కుంటింది. అదే పని పొద్దున సునాయాసంగా, మధ్యాహ్నం నత్తనడకన.

మూత విప్పితే హీట్‌సింక్ రేకుల మధ్య ఇసుక పిండి కొట్టినట్టు పేరుకుంది. షమాల్ గాలి వీచే ఊళ్ళో ఇది వింత కాదు. ఊదే డబ్బాతో, మెత్తటి బ్రష్షుతో అరగంట పని. ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని ఊదండి, లేకపోతే బేరింగు పాడవుతుంది. కంప్యూటరుని గోడకి జానెడు దూరం జరిపాను. ఖోబర్ నుంచి తెచ్చిన కేబుళ్ళతో మూడు మానిటర్లనీ కార్డుకే కలిపాను. మూడింటికీ కలిపి వంద రియాళ్ళు దాటలేదు. నడిమిది 60 హెర్ట్జ్‌కి వచ్చింది. మధ్యాహ్నం నాలుగింటికి 84 డిగ్రీలు, వేగం తగ్గలేదు. అతను మౌసు పట్టుకుని కాసేపు ఊరికే గీతలు గీశాడు. “గిట్లుంటదా అన్నా!” అన్నాడు.

ఇదే మందకొడితనానికి మీ ఇళ్ళల్లో వేరే కారణాలుండొచ్చు. ఒకటి 144 హెర్ట్జ్, ఇంకోటి 60 హెర్ట్జ్ మానిటర్లు పక్కపక్కన పెట్టుకుంటే పాత విండోస్ 10 తడబడేది. 2020 మే నెలలో వచ్చిన 2004 వెర్షనుతో అది చాలావరకు సర్దుకుంది. కార్డు లేకుండా ప్రాసెసరు గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొస్తుంటే, మెమరీ స్టిక్కు ఒకటే ఉందేమో చూడండి: డీడీఆర్4-2400 ఒక్కటే ఉంటే సెకనుకి 19.2 గిగాబైట్లు, జంటగా ఉంటే దానికి రెట్టింపు. ప్రోగ్రాములూ తెరలూ పంచుకు తాగేది ఆ చెరువులోనే. ఒకే మొత్తం మెమరీ కొనేటప్పుడు ఒక 16 కంటే రెండు 8లు మేలనడం అందుకే. చివరికి డ్రైవరే మొరాయిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలు కలిపి నొక్కితే రీస్టార్ట్ లేకుండానే గ్రాఫిక్స్ డ్రైవరు మళ్ళీ మొదలవుతుంది.

జుబైల్ వదిలే ముందు అరపేజీ నోటు రాసి ఇచ్చాను. పొద్దున ఎంత ఉష్ణోగ్రత, ఎంత వేగం, మధ్యాహ్నం ఎంత, సర్దిన తర్వాత ఎంత. సంజాయిషీలా కాకుండా అంకెలుగానే రాశాను, మేనేజర్లకి ఆ భాష బాగా అర్థమవుతుంది. అక్టోబరులో కాంట్రాక్టు ఇంకో ఏడాదికి రెన్యూ అయింది. అందులో ఆ నోటు వాటా ఎంతో అతనికీ తెలియదు. ఆ మేనేజరు మాత్రం నోటు చదివి ఒకే ప్రశ్న అడిగాడట: ఈ కాబిన్‌లో ఇంకా నాలుగు బల్లలున్నాయి కదా, వాటి సంగతేమిటి? తరవాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. నాలుగింటిలో మూడు సరిగ్గా ఇదే తీరులో కలిపి ఉన్నాయి.