మొండికేసిన సెన్సార్: అపోహలు – వాస్తవాలు

అండమాన్‌లోని ప్రోతరాపూర్ నుంచి ఏ వైపు వెళ్లినా సముద్రం ఎంతో దూరం ఉండదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, వాన లేని రోజుల్లో ఉప్పుగాలి. ఈ రెండూ కలిసి ఏం చేస్తాయో తెలియాలంటే కొన్నేళ్లు తిరిగిన కారు కిందికి దూరి చూడాలి. సైలెన్సర్ గొట్టం, దానికి బిగించిన ఆక్సిజన్ సెన్సార్, పక్కనున్న బోల్టులు అన్నీ కలిసి ఒకే తుప్పు ముద్దగా కనిపిస్తాయి.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. వాళ్లకు ఒక చిక్కుంది: 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దొరకని విడిభాగం ప్రధాన భూభాగం నుంచి ఓడలోనో విమానంలోనో రావాలి. కాబట్టి ఇంటి ముందే బానెట్ ఎత్తి సెన్సార్ మార్చుకుందామనుకునేవాళ్లు ముందు కొన్ని నమ్మకాలను వదిలించుకోవడం అవసరం. ఇక్కడ సెన్సార్ బిగించే మర ఒక్కసారి పాడైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, వారాలు కూడా.

అపోహ: కారు లోపాలు చదివే స్కానర్ ఆక్సిజన్ సెన్సార్ పేరు చెప్పిందంటే ఆ సెన్సార్ పోయినట్టే.

ఆ సెన్సార్ నుంచి తనకు వచ్చిన సంకేతం తేడాగా ఉందని మాత్రమే కారులోని కంప్యూటర్ చెబుతుంది. తేడా ఎక్కడ పుట్టిందో కనిపెట్టాల్సింది మనం. కనెక్టర్ ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించవచ్చు. ఉప్పుగాలి ఊళ్లలో మొదట అనుమానించాల్సింది దాన్నే. సెన్సార్ కంటే ముందు సైలెన్సర్ గొట్టానికి చిన్న కన్నం పడినా బయటి గాలి లోపలికి లాగబడుతుంది. సెన్సార్ తాను చూసిన ఆక్సిజన్‌ను నిజాయతీగానే చెబుతుంది, కంప్యూటర్ మాత్రం ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదనుకుంటుంది. అప్పుడు సెన్సార్ మార్చినా డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం మళ్లీ వెలుగుతుంది. కనెక్టర్ శుభ్రం చేయడం, గొట్టం పరీక్షించడం అయ్యాకే కొత్తది కొనాలి.

అపోహ: కదలకపోతే పానాకు పైపు తొడిగి లాగాలి.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చాలా కార్లలో ఆక్సిజన్ సెన్సార్ మర 18 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల పిచ్. తల 22 మిల్లీమీటర్లు. తుప్పు పట్టినప్పుడు ఆ మర చుట్ల సందుల్లో ఇనుప ఆక్సైడ్ పేరుకుంటుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మరను లోపలి నుంచి బిగబట్టేస్తుంది. పైపు తొడిగి లాగితే ఆ తుప్పు పొడి చుట్లను చెక్కుకుంటూ వస్తుంది. సెన్సార్ వస్తుంది గానీ దానితోపాటు గొట్టంలోని మరా వచ్చేస్తుంది. మామూలు పానా అయితే తల మూలలు అరిగిపోతాయి. వైరు దూరడానికి చీలిక ఉన్న ప్రత్యేక సాకెట్ దొరుకుతుంది. నా ఉద్దేశంలో ఈ పనికి పెట్టాల్సిన మొదటి ఖర్చు దాని మీదే.

చేయాల్సింది ఓపికతో కూడిన పని. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలించే నూనె మర మొదట్లో పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు పావు చుట్టు వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ నూనె వేసి, ఇంకో పావు చుట్టు తిప్పాలి. ఈ వెనకా ముందూ కదలికతోనే పొడి బయటికి వస్తుంది.

ఇంటింటా ఉండే డబ్ల్యూడీ-40 ఒక్కటే ఈ పనికి చాలుననే నమ్మకమూ బలంగా ఉంది. అది 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో, లోహం మీది నీటిని తొలగించి తుప్పు పట్టకుండా ఆపడం కోసం తయారైంది. తడిసిన కనెక్టర్లకు బాగా పనికొస్తుంది. పట్టేసిన మర లోతుకు దిగాలంటే అందుకోసమే చేసిన నూనె వాడితే మేలు.

అపోహ: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే విప్పాలి. దీనికి విరుద్ధమైన అపోహ: పూర్తిగా చల్లారాకే విప్పాలి.

రెండూ సగం నిజాలు. సెన్సార్ దేనికి బిగించి ఉందో అదే అసలు ప్రశ్న. ఉక్కు సైలెన్సర్‌లో ఉంటే గోరువెచ్చగా ఉన్నప్పుడు సులువు. 48 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఆక్సిజన్ సెన్సార్ రావడం కష్టమని కొన్ని కంపెనీల సర్వీసు మాన్యువల్స్ రాస్తాయి. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే సరిపోతుంది, ఎర్రగా కాలనక్కర్లేదు. మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. సెన్సార్ అల్యూమినియం ఇంజిన్ హెడ్‌లో ఉంటే మాత్రం చల్లారాకే ముట్టుకోవాలి. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, వేడి మీద మెత్తబడుతుంది కూడా. ఆ స్థితిలో మర చుట్లు తేలిగ్గా దెబ్బతింటాయి. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచే కూలెంట్ సెన్సార్ విషయంలో వేడినీళ్లు ఎగజిమ్మే ప్రమాదం వేరే ఉంది.

అపోహ: కొత్త సెన్సార్ బిగుతుగా ఎక్కుతోందంటే మంచిదే, పానాతో తోసేయాలి.

కొత్త సెన్సార్ కనీసం మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతో ఎక్కాలి. ఎక్కకపోతే మర అడ్డదిడ్డంగా కలుస్తోందని, లేదా గొట్టంలో పాత తుప్పు మిగిలిందని అర్థం. హార్లిక్స్ సీసా మూత పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పి చుట్టు దిగిన చోటు పట్టుకుంటామే, సెన్సార్‌నూ అలాగే ముందు ఎడమకు తిప్పాలి. చిన్నగా ‘టక్’మని దిగిన చోట కుడికి తిప్పడం మొదలుపెట్టాలి. పాత మర గరుకుగా ఉంటే దాన్ని శుభ్రం చేసే చేజర్ వాడాలి. కొత్త మర కోసే ట్యాప్ మంచి లోహాన్నీ కోసేస్తుంది. శుభ్రం చేసిన పొడి గొట్టంలోకి రాలకుండా పనిముట్టుకు గ్రీజు పూస్తే పొడి దానికే అంటుకుంటుంది.

బిగింపుకూ లెక్క ఉంది. ఆక్సిజన్ సెన్సార్‌కు సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ లోపలి టకటకలను వినే నాక్ సెన్సార్‌కు చాలా కార్లలో సుమారు 20. ఈ రెండోదాన్ని ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. అది ఇంజిన్ కంపనాన్ని గ్రహించే పరికరం, బిగింపు మారితే దానికి అందే కంపనమే మారిపోతుంది. మీ కారు మాన్యువల్‌లోని అంకెనే చివరి మాటగా తీసుకోండి.

అపోహ: టేపు చుట్టి, సీలెంట్ పూసి, గ్రీజు దట్టిస్తే జన్మలో తుప్పు పట్టదు.

ఒక్కోటి ఒక్కో రకంగా హాని చేస్తుంది. ఒకే వైరున్న పాతకాలపు కూలెంట్ సెన్సార్‌కు ఎర్త్ దాని మర ద్వారానే అందుతుంది. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు చుడితే ఆ దారి తెగి మీటర్ తప్పు చూపొచ్చు. సిలికాన్ సీలెంట్ ఆవిరి ఆక్సిజన్ సెన్సార్ కొనను విషంలా పాడుచేస్తుంది. కొత్త ఆక్సిజన్ సెన్సార్‌కు చాలావరకు కంపెనీయే మర మీద తుప్పు నిరోధక పూత పూసి పంపుతుంది. లేకపోతే సెన్సార్లకు సరిపడే పూత మర మీద పలుచగా పూయాలి, కొన మీద చుక్క కూడా పడకూడదు.

వైర్లు తెగితే సోల్డర్ చేయడం కూడా మంచిది కాదు. 1976లో బాష్ కంపెనీ కార్లకు పరిచయం చేసిన ఈ సెన్సార్, పొగలోని ఆక్సిజన్‌ను బయటి గాలిలోని ఆక్సిజన్‌తో పోల్చి వోల్టేజీ పుట్టిస్తుంది. చాలా రకాల్లో ఆ బయటి గాలి వైరు పోగుల సందుల్లోంచే లోపలికి చేరుతుంది. సోల్డర్ ఆ దారి మూసేస్తుంది, కనెక్టర్‌లో కుక్కిన గ్రీజూ అంతే. అందుకే తెగిన వైర్లను లోహపు గొట్టంలో పెట్టి నొక్కి కలపాలి, అంటే క్రింప్ చేయాలి.

అపోహ: బ్యాటరీ తీగ కాసేపు తీసేస్తే దీపం ఆరిపోతుంది, పని అయిపోయినట్టే.

దీపం ఆరవచ్చు. కానీ లోపం ఉంటే కొన్ని ప్రయాణాల్లో తిరిగి వస్తుంది. పైగా కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లూ కొన్ని చెరిగిపోతాయి. సరైన పరీక్ష స్కానర్‌లోనే ఉంది. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. ఈ ప్రమాణాలకు తయారైన పెట్రోలు కార్లలో సాధారణంగా పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి సెన్సార్లు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాక, ముందున్నది మామూలు రకమైతే 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి, వెనకున్నది దాదాపు నిలకడగా ఉండాలి. ఐదారు వైర్లున్న వైడ్‌బ్యాండ్ రకానికి ఈ లెక్క వర్తించదు, దాన్ని మామూలు రకం స్థానంలో పెట్టనూ కూడదు. కొత్త సెన్సార్ కూడా ఊగకుండా గీతలా నిలబడితే, ఇంకో సెన్సార్ తెప్పించే ముందు ఫ్యూజు, హీటర్ వైర్లు, గొట్టం గాస్కెట్ చూడండి.