రక్తపరీక్షలో ‘పాజిటివ్’ అనిన అర్థమేమి?

కీళ్ళనొప్పులతో బాధపడు గ్రామీణ స్త్రీ పట్టణమునకు పోయి రక్తమిచ్చి, ‘పాజిటివ్’ అని వ్రాసిన కాగితముతో తిరిగివచ్చును. ఆ కాగితమును చదివి చెప్పుమని తెచ్చునది తరచుగా పంచాయతీ సభ్యుని వద్దకే. అందలి విషయమును సభ్యులు కొంత ఎరిగియుండుట అవసరము.

రోగక్రిములను ఎదుర్కొనుటకు మన రక్తములో ప్రతిరక్షకములు తయారగును. వీనినే వైద్యులు యాంటీబాడీలందురు. కొందరిలో ఇవి కంచెయే చేను మేసినట్లు సొంత శరీరము పైననే తిరుగబడును. రుమటాయిడ్ కీళ్ళవాతము, లూపస్ అట్టి వ్యాధులే. లూపస్ గలవారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. ఇవి అంటువ్యాధులు కావు. బాధితులను దూరముగా నుంచుట అన్యాయము.

ఏ.ఎన్.ఏ. అను పరీక్ష ఇట్లు జరుగును. రక్తము గడ్డకట్టిన పిదప తేరిన సీరమును వేరుచేసి, ఒక వంతు సీరము మొత్తము 40 వంతులగునట్లు, ఆపైన 80, 160 వంతులగునట్లు పలుచన చేయుదురు. దానిని గాజుపలకపై నంటించిన మానవకణములపై వేయుదురు. ఆ ప్రతిరక్షకములున్నచో కణకేంద్రకములకు అంటుకొనును. పిమ్మట కాంతినిచ్చు రంగు కలిపిన ద్రవమును వేసి కడిగి సూక్ష్మదర్శినిలో చూచినచో, కేంద్రకములు ఆకుపచ్చగా మెరయును. ఎంత పలుచన చేసినను మెరపు నిలిచినచో ఫలితమునకు అంత విలువ.

అయితే ఇక్కడనే చిక్కు గలదు. 1997లో పలు దేశముల ప్రయోగశాలలు కలిసి ప్రకటించిన పరిశీలనలో, ఆరోగ్యవంతులకే 40 వంతుల పలుచనలో నూటికి సుమారు 32 మందికి, 160 వంతులలో సైతము అయిదుగురికి పాజిటివ్ వచ్చినది. రుమటాయిడ్ ఫ్యాక్టరు సంగతియు నిట్టిదే. క్షయ, కుష్ఠు రోగులలోను, వృద్ధులలోను అది కనబడవచ్చును. నిజముగా కీళ్ళవాతమున్నవారిలో నూటికి ఇరువది మందికి పైగా కనబడకపోవచ్చును. యాంటీ సి.సి.పి. అను పరీక్ష ఇంతకంటె నమ్మదగినదే కాని, అదియు తప్పనిది కాదు.

కాగితమును మాత్రమే నమ్మిన రెండు విధముల నష్టము. రోగము లేని పిల్లకు పెండ్లి సంబంధము తప్పిపోవును. రోగమున్న తల్లికి ‘నెగటివ్’ వచ్చినదని ఊరకుండగా, ఆమె తెలిసీతెలియని వైద్యము చేయువారి యొద్ద స్టెరాయిడ్ సూదిమందులతో కాలము గడపును. ఇంతలో వ్రేళ్ళు వంకరపోవును. ఈ రెండవ నష్టమే ఎక్కువ విచారకరము. ఏలయన తొలి నెలలలోనే తగిన చికిత్స మొదలిడిన, వంకరలను చాలవరకు నివారింపవచ్చును.

రెండు చేతుల చిన్నకీళ్ళు ఆరు వారములకు మించి వాచియుండుట, ఉదయము లేచిన తరువాత చాలసేపు పిడికిలి బిగియకుండుట గమనించినచో, పరీక్ష ఫలితమెట్లున్నను వైద్యుని వద్దకు పంపవలెను. గ్రామములో శిబిరము పెట్టి అందరికి ఈ పరీక్షలు చేయుదుమని ఎవరైన వచ్చినచో, ముందుగా రోగిని చూచు వైద్యుడెవరో సభ్యులు అడుగవలెను.

ఈ పరీక్షలకు ఉపవాసము అక్కరలేదు. పలుచన అంకె వ్రాసియున్న పూర్తి కాగితమును భద్రపరచుకొనవలెను. ఏ.ఎన్.ఏ. ఒకసారి పాజిటివ్ వచ్చిన పిదప నెలనెల మరల చేయించుట వృథా ఖర్చు; వ్యాధి హెచ్చుతగ్గులను అది కొలువదు.