కంటిలోని పీడనము: దానిని కొలుచు సాధనములు

కృష్ణా డెల్టా రైతులకు నీటిపారుదల సంగతి నేను చెప్పబనిలేదు. కాలువనుండి నీరు వచ్చుచునేయుండి మురుగుకోడు పూడిపోయినచో చేను మునుగును. కంటిలోను ఇట్టి పారుదలయే కలదు. లోపల స్వచ్ఛమైన నీరు నిరంతర మూరుచు, జల్లెడవంటి సన్నని మార్గమున వెలుపలికి పోవుచుండును. ఆ మార్గమున కడ్డు వచ్చినచో పీడనము హెచ్చి, చూపునకాధారమైన నరము క్రమముగా నశించును. దీనినే నీటికాసులందురు. సాధారణముగా నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు తగ్గును. శుక్లము తీసినచో చూపు మరల వచ్చును గాని, దీనివలన పోయిన చూపు మరల రాదు. 1996 మొదలు 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున జరిపిన పరిశోధనలో, హైదరాబాదు నగరమున ఈ వ్యాధి బయటపడినవారిలో నూటికి 90 మందికి పైగా అంతకుముందు ఆ సంగతి నెరుగరు. కావున కొలుచుట యవసరము.

పూర్వము వైద్యులు, నూజివీడు మామిడిపండును నొక్కి చూచినట్లు, రెప్పపై వ్రేళ్లతో నొక్కి చూచెడివారు. 1905లో నార్వే దేశీయుడగు షియోట్జ్ ఒక సాధనమును నిర్మించెను. రోగిని పరుండబెట్టి, కంటికి స్పర్శ తెలియకుండ మందుచుక్క వేసి, చిన్న బరువుగల కడ్డీని కంటిపై నిలుపుదురు. మెత్తని కంట కడ్డీ యెక్కువ దిగును. గట్టి కంట తక్కువ దిగును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, సంచిలో పట్టును. కాని కంటిగోడ సాగుడు అందరికి నొక్కటి కాదు. హ్రస్వదృష్టి మిక్కుటముగా నున్నవారికి పీడనము ఉన్నదానికన్న తక్కువగా కనబడవచ్చును.

1950 దశకమున స్విట్జర్లాండు వైద్యుడగు గోల్డ్‌మాన్ ఈ లోపమును చాలవరకు తొలగించెను. నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పొరను 3.06 మిల్లీమీటర్ల వెడల్పున చదును చేయుటకు ఎంత బలము కావలయునో ఆయన యంత్రము చూపును. నేటికిని ఇదియే ప్రమాణము. దీనికి పెద్ద పరికరమును, ఆరితేరిన చేయియు కావలయును.

గాలి నూది కొలుచు యంత్రము 1970 దశకమున వచ్చెను. అది కంటిని తాకదు, మందుచుక్క అక్కరలేదు. శిబిరములలో పలువురిని త్వరగా చూడవచ్చును. అయితే నాడి కొట్టుకొనుటతో కొలత మారును గనుక పలుమారులు కొలిచి సగటు తీయవలెను. ఫిన్లండులో పుట్టిన మరియొక చేతిసాధనము సన్నని మొనతో కంటిని తాకి వెనుకకు వచ్చును. చిన్నపిల్లలకు, మంచము పట్టినవారికి అది అనుకూలము.

కంటిపొర మందముగా నున్నచో ఈ చదునుచేయు యంత్రములు సహితము హెచ్చు చూపును. పలుచనైనచో తక్కువ చూపును. పీడనము సామాన్యముగా పాదరసపు మిల్లీమీటర్లలో 10 మొదలు 21 వరకుండును. కాని 21 లోపల నున్నవారికిని నరము చెడవచ్చును. కావున వైద్యుడు నరమును గూడ పరీక్షింపవలెను.

ఒక యూరి కుంచమునకు మరియొక యూరి కుంచమునకు భేదమున్నట్లే, ఒక యంత్రపు కొలతను వేరొక యంత్రపు కొలతతో సరిపోల్చరాదు. చీటిపై అంకెతోబాటు యంత్రము పేరు, కొలిచిన వేళ వ్రాయించుకొనుడు. పీడనము దినములోనే మారుచుండును. నలువది దాటినవారు, తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ వ్యాధి యున్నవారు తప్పక పరీక్ష చేయించుకొనవలెను. వైద్యుడిచ్చిన చుక్కలమందును, బాధ లేదుకదా యని, తమంతట తాము మానరాదు. ఉన్న చూపును నిలుపునది ఆ చికిత్సయే.