సాయిల్ టైప్ 29 అంటే ఏ నేల?

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్ చేసిన వాళ్లకి కవర్‌టైప్ డేటాసెట్ తెలిసే ఉంటుంది. సైకిట్ లెర్న్‌లో ఒక్క లైన్ రాస్తే దిగిపోతుంది. 5,81,012 వరసలు, 54 కాలమ్‌లు. ఒక్కో వరస అమెరికాలో ఒక అడవి ముక్క: 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఆ అడవి పేరు రూజ్‌వెల్ట్ నేషనల్ ఫారెస్ట్, ఉండేది కొలరాడో రాష్ట్రంలో ఉత్తరం వైపు, రాకీ పర్వతాల మీద. ఎత్తు, వాలు, నీటికి ఎంత దూరం లాంటివి ఇచ్చి, ఆ ముక్కలో ఏ చెట్లున్నాయో ఏడు రకాల్లోంచి చెప్పమంటారు.

ఆ 54లో 40 కాలమ్‌లు నేలవే. సాయిల్ టైప్ 1 నుంచి 40 దాకా, ఒక్కోటి సున్నా లేదా ఒకటి. మనలో చాలామంది వాటిని అలాగే మోడల్‌లో పోసేసి ఊరుకుంటాం. యాక్యురసీ వస్తే చాలు కదా అని. నాకు మాత్రం ఆ నంబర్ల వెనక ఏముందో చూడాలనిపించింది. డేటాసెట్‌తో పాటు వచ్చే వివరణ ఫైల్ తెరిస్తే 29వ నంబర్ దగ్గర ఇలా ఉంది: కోమో - లెగాల్ట్ ఫ్యామిలీస్ కాంప్లెక్స్, ఎక్స్‌ట్రీమ్లీ స్టోనీ. మొత్తం వరసల్లో దాదాపు అయిదో వంతు ఈ ఒక్క రకమే. దాని పక్కన ఇంకో కోడ్, 7745. ఈ వ్యాసం ఆ లైన్ చదవడం ఎలాగో చెప్పడానికే.

ముందు ఆ నేల ఎలా ఉంటుందో చూద్దాం. (మృత్తిక అనే మాట నేను పరీక్ష పేపర్ల బయట ఎవరి నోటా వినలేదు. నేల అనే అంటాను.) రాకీల అడవిలో ఒక గుంట తవ్వితే పైన మొదట తగిలేది మట్టి కాదు, రాలిన పైన్ సూదులు. చలికి కుళ్లడం చాలా నెమ్మది, అందుకని ఏళ్ల తరబడి పేరుకుంటాయి. పైన సూదులు సూదుల్లాగే ఉంటాయి, కిందికి పోయేకొద్దీ నల్లగా, మెత్తగా అవుతాయి. ఈ పొర కొన్ని సెంటీమీటర్లే గానీ అడవికి దుప్పటి, గోడౌన్ రెండూ ఇదే. పోషకాలు చాలావరకు ఇక్కడే దాక్కుని ఉంటాయి.

దాని కింద చాలాచోట్ల బూడిద రంగు పొర వస్తుంది. వసంతంలో మంచు కరిగిన నీళ్లు సూదుల పొరలోంచి దిగుతూ కాస్త ఆమ్లం పట్టుకుని, ఈ పొరలోని ఇనుమునీ బంకమట్టినీ కడిగి కిందికి తీసుకుపోతాయి. అందుకే వెలిసిపోయిన బట్టలా కనిపిస్తుంది. కడిగింది ఎక్కడికీ పోదు, ఇంకాస్త కింద ఆగుతుంది. ఆ కింది పొర గోధుమ రంగులో, కొన్నిచోట్ల జిగటగా ఉంటుంది. ఆ తర్వాత పగిలిన రాయి, ఆపైన గట్టి రాయి. ఇదంతా కలిపి చాలాచోట్ల ఒక మీటరు కూడా ఉండదు.

ఎందుకంత పల్చన? ఈ కొండల పై భాగాలని హిమనదాలు గీకేసి వెళ్లాయి. అవి వెనక్కి తగ్గి పదిహేను వేల ఏళ్లు కూడా దాటలేదు. నేల లెక్కలో అది నిన్నగాక మొన్న. పైగా అక్కడి రాయి చాలావరకు గ్రానైట్, నైస్. విరిగితే గరుకు ఇసుక, గులకరాళ్లు అవుతుందే గానీ తొందరగా బంకమట్టి కాదు. అందుకే 40 పేర్లలో ముప్పై దాకా చివర స్టోనీ, రబ్లీ, బౌల్డరీ లాంటి తోకలున్నాయి. ఈ తోక నేల మీద పైకి కనిపించే రాళ్ల గురించి. లోపలి రాళ్లకి వేరే మాట ఉంది: ఘనపరిమాణంలో 35 శాతం మించి రాళ్లుంటే ఆ నేలని స్కెలిటల్ అంటారు. అంటే అస్థిపంజరం! బాగా పెట్టారు పేరు. నీళ్లు నిలిచేది రాళ్ల మధ్యనున్న మట్టిలోనే కాబట్టి, మీటరు లోతు స్కెలిటల్ నేల అంటే నిజానికి మీటరు నేల కాదు.

ఇక వర్గీకరణ. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో సాయిల్ టాక్సానమీ అని ఒక పెద్ద పుస్తకం వేసింది. ఇప్పుడు అందులో 12 ఆర్డర్లున్నాయి. ఒక నేల ఏ ఆర్డరో తేల్చే పద్ధతి మనకి బాగా తెలిసిందే: ఇఫ్, ఎల్స్ ఇఫ్, ఎల్స్ ఇఫ్. లోపల శాశ్వతంగా గడ్డకట్టిన పొర ఉందా? ఉంటే జెలిసాల్, ఆగిపో. లేదా? అంతా కుళ్లిన ఆకూ నాచేనా? హిస్టోసాల్. ఇలా వరసగా స్పోడోసాల్, ఆండిసాల్, ఆక్సిసాల్, వెర్టిసాల్, ఆరిడిసాల్, అల్టిసాల్, మాలిసాల్, అల్ఫిసాల్, ఇన్‌సెప్టిసాల్. దేనికీ పట్టకపోతే చివరి ఎల్స్, అదే ఎంటిసాల్. ముందు ఏది సరిపోతే అదే పేరు కాబట్టి అడిగే వరస మారిస్తే పేర్లే మారిపోతాయి.

కొలరాడో కొండల అడవి నేలలు ఈ గొలుసులో ఎక్కువగా చివరి నాలుగు మెట్ల దగ్గర దొరుకుతాయి. పైన నల్లటి, మెత్తటి, సారమున్న పొర ఉంటే మాలిసాల్. ఆస్పెన్ చెట్ల కింద ఇలాంటివి కనిపిస్తాయి, ఎందుకంటే ఆస్పెన్ ఆకు పైన్ సూదికంటే తొందరగా కుళ్లి నేలలో కలుస్తుంది. బంకమట్టి కిందికి దిగి పేరుకుని, సారం ఇంకా మిగిలుంటే అల్ఫిసాల్. పొరలు ఇప్పుడిప్పుడే విడిపోతుంటే ఇన్‌సెప్టిసాల్. పొరలంటూ ఏమీ ఏర్పడని రాళ్ల జారుడు ఎంటిసాల్.

ఆర్డర్ కింద ఇంకా మెట్లుంటాయి, పేర్లు పొడుగవుతాయి. అక్కడే మన తెలుగు క్లబ్ వాళ్లకి పని. 40 కాలమ్‌లలో మళ్లీ మళ్లీ వచ్చే లీకన్ అనే నేల అసలు పేరు డిస్ట్రోక్రయెప్ట్. చూడగానే మందుల షాపు గుర్తొస్తుంది గానీ, ఇది అచ్చంగా తత్పురుష సమాసం. ఉత్తరపదమే ప్రధానం. చివర్నుంచి విప్పాలి. ఎప్ట్ అంటే ఇన్‌సెప్టిసాల్, మొదలవుతున్న నేల. క్రయ్ అంటే చల్లనిది. డిస్ట్ర్ అంటే సారం తక్కువది. విగ్రహవాక్యం చెప్పమంటే: సారం తక్కువైన, చల్లని, లేత నేల. అలాగే క్రయాక్వాల్: ఆల్ అంటే మాలిసాల్, ఆక్వ్ అంటే నీళ్లు, క్రయ్ మళ్లీ చలి. వాగుల పక్కన నీరు నిలిచే నల్లనేల. ఈ చలి కూడా ఊరికే అన్న మాట కాదు. అరమీటరు లోతులో ఏడాది సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీల లోపుండాలి, వేసవిలో కూడా పెద్దగా వేడెక్కకూడదు.

ఈ విద్యతో మన పక్కనున్న నేల పేరు కూడా విప్పొచ్చు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పొలాల ఎర్రనేలకి వాళ్ల వర్గీకరణలో పేరు రోడుస్టాల్ఫ్. ఆల్ఫ్ అంటే అల్ఫిసాల్. ఉస్ట్ అంటే ఎండాకాలం ఎండిపోయేది. రోడ్ అంటే ఎరుపు, గ్రీకులో గులాబీ పేరులోంచి వచ్చింది. అంటే మా తాత చెలక అనేదీ, రాకీల్లో మంచు కింద బూడిద రంగుకి తిరిగినదీ ఒకే ఇంటిపేరు! రెండింట్లోనూ బంకమట్టి కిందికి దిగి పేరుకుంది, టాక్సానమీ చూసేది అదే. రంగు, ఎండ, చలి ఆ తర్వాతి మెట్లలో వస్తాయి. రైతు వరస వేరు. చెలక, దుబ్బ, రేగడి, చౌడు అనే మాటలు నాగలికీ నీళ్లకీ నేల ఎలా లొంగుతుందో ముందు చెబుతాయి. నాకైతే వాడుకకి రైతు వరసే నచ్చింది, కానీ పటాన్‌చెరునీ కొలరాడోనీ ఒక టేబుల్‌లో పెట్టాలంటే అది చాలదు.

ఇప్పుడు 7745కి వద్దాం. మొదటి అంకె వాతావరణ మండలం. 2 అంటే కొండ కింది అంచు, 7 అంటే చెట్లు ఆగిపోయే గీతకి కాస్త దిగువన ఉండే సబ్ ఆల్పైన్ చలి అడవి, 8 అంటే ఆ గీత పైన. రెండో అంకె రాయి. 1 వాగు మేటవేసిన మట్టి, 2 హిమనదం వదిలిన రాళ్లూరప్పలూ, 7 అగ్నిశిల, రూపాంతర శిల. కాబట్టి 29 అంటే: సబ్ ఆల్పైన్ చలిలో, గ్రానైట్ లాంటి రాయి మీద, కోమో, లెగాల్ట్ అనే రెండు రకాల నేలలు మ్యాపులో విడదీయలేనంతగా కలిసిపోయిన చోటు. కాంప్లెక్స్ అనే మాటకి అర్థం అదే. పైన బోలెడు రాళ్లు.

40 కాలమ్‌లని మొదటి అంకెతో కలిపి చూడండి. పదహారు కాలమ్‌లు ఒక్క 7లోనే ఉన్నాయి. 8లో ఉన్నవి ఆఖరి ఆరు, గాలికి వంగి మరుగుజ్జులైన క్రమ్‌హోల్జ్ చెట్లు ఎక్కువగా కనిపించేది అక్కడే. వన్ హాట్ చేసినప్పుడు 28కీ 29కీ ఎంత దూరమో 1కీ 40కీ అంతే దూరం అయిపోతుంది. కొండలో అలా ఉండదు. కోడ్‌లోని రెండు అంకెలనీ రెండు ఫీచర్లుగా విడదీస్తే మోడల్‌కి కాస్త కొండ కనబడుతుంది. పేర్లనే స్ట్రింగులుగా కోసేవాళ్లకి ఒక హెచ్చరిక: ఫైల్లో అచ్చుతప్పులున్నాయి, ఒకచోట క్రయాక్వాల్స్ అనీ ఇంకోచోట క్రయాక్వోలిస్ అనీ. బోరాల్స్ లాంటి కొన్ని వర్గాలని టాక్సానమీ ఆ తర్వాత తీసేసింది కూడా.

నాకు తేలని ఇబ్బంది ఇంకోటుంది. కొండల్లో సర్వే చేసేవాళ్లు ముప్పై మీటర్లకో గుంట తవ్వరు. కొన్నిచోట్ల తవ్వి, మిగతాది వాలు, రాయి, పైనున్న చెట్లు చూసి గీస్తారు. చెట్లు చూసి కూడా గీసిన నేల మ్యాపుతో మళ్లీ చెట్లేవో ఊహించమంటున్నాం. వచ్చిన యాక్యురసీలో ఎంత భాగం అడవిది, ఎంత భాగం సర్వేయర్ పెన్సిల్‌ది?

పైగా ఆ చెట్లు ఇప్పుడు అక్కడ లేకపోవచ్చు. 1990లలో తయారైన డేటా ఇది. 2020 ఆగస్టులో అదే అడవిలో కామెరాన్ పీక్ దగ్గర మొదలైన మంట 2 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. కొలరాడోలో నమోదైన వాటిలో అదే అతి పెద్దది. మొదట చెప్పానే, సూదుల దుప్పటి, అది పోయింది. కాలేటప్పుడు సూదుల్లోని మైనం ఆవిరై, కాస్త కింద చల్లగా ఉన్న ఇసుక రేణువుల మీద పేరుకుంటుంది. అప్పుడు నేల నీళ్లని తాగదు, తామరాకు మీద బొట్టులా దొర్లిస్తుంది. 2021 జూలైలో కాలిన వాలు మీద గట్టి వాన పడింది. బ్లాక్ హాలో దగ్గర బురద, బండరాళ్లు, మాడిన దుంగలు కలిసి పూడర్ నది లోయలోకి దూకాయి. ఇళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు.

ఇలాంటి మంటల తర్వాత అక్కడి ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు కాలిన చోట్లకి వెళ్తారు. నేల మ్యాపు, వాలు, రాళ్ల లెక్క ముందేసుకుని ఏ వాలు ముందు జారుతుందో అంచనా వేస్తారు. తర్వాత వంగి, పైనున్న బూడిద పక్కకి తోసి, సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసి, ఇంకడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వాచీ చూసి రాసుకుంటారు.