గుండ్ల మోతలో దావీదు కీర్తన

ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలపు చర్చి సంగీతం మీద ముఖచిత్ర కథనం రాయమన్నారు ఎడిటర్. బాల్కొండలో కూర్చుని తిరగేసిన వాటిలో నన్ను పట్టుకుని వదలనిది ఒక్కటే. అది థామస్ మేస్ 1676లో అచ్చువేసిన ‘మ్యూజిక్స్ మాన్యుమెంట్’లోని యార్క్ ముట్టడి వర్ణన.

మేస్ కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ గాయకుడు. 1644లో యార్క్ నగరంలో చిక్కుకుపోయాడు. లోపల రాజు మనుషులు, బయట పార్లమెంటు సేనలు, వాళ్లకు తోడు స్కాట్లాండ్ దండు. పదకొండు వారాలు.

ఆదివారం వస్తే యార్క్ మిన్‌స్టర్ కేథడ్రల్ కిక్కిరిసేది. సీజన్లో నిజామాబాద్ యార్డులో పసుపు బస్తాల మధ్య కాలు పెట్టే సందుండదు చూడండి, అట్లా. చుట్టుపక్కల ప్రభువులు, సిపాయిలు, ఊరి జనం అందరూ ఒక్కచోటే. వేరే కేథడ్రళ్లలో తాను వినని ఆనవాయితీ ఒకటి అక్కడుండేదంటాడు మేస్. ప్రసంగానికి ముందు గాయక బృందంతో, ఆర్గన్‌తో కలిసి సభంతా ఒక దావీదు కీర్తన పాడేది. వెయ్యి పౌండ్లు పోసి చేయించారని చెప్పుకునే ఆ ఆర్గన్ ముందుగా బాణీ అందించేది. ఆ తర్వాత జనం ఒక్కసారిగా అందుకుంటే కాళ్ల కింద నేల అదిరేదట.

ఒక్కోసారి ఫిరంగి గుండు కిటికీలోంచి దూసుకొచ్చేది. స్తంభం నుంచి స్తంభానికి, వెనక్కీ ముందుకీ, గుండ్రటి రాయి తగిలితే ఒకలా, పలకల రాయి తగిలితే ఇంకోలా ఎగిరెగిరి, ఊపు తగ్గాక ఆగేది. ఎవరికీ దెబ్బ తగల్లేదంటాడు. ముప్పై రెండేళ్ల తర్వాత, చర్చి సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు రాసిన మాటలివి. దెబ్బలే తగల్లేదన్న మాట నాకు పూర్తిగా మింగుడు పడదు. కానీ గుండు ఏ రాయి తగిలితే ఎటు మళ్లిందో చెప్పేవాడు కళ్లారా చూసినవాడే. ఆ గుండును నేను నమ్ముతాను.

చరిత్ర క్లుప్తంగా: 1642లో రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. పార్లమెంటు పక్షాన ఉన్న ప్యూరిటన్లకు చర్చిలో ఆర్గన్లు, జీతపు గాయకులు గిట్టరు. జనమే పాడాలి, వాద్యం ఉండకూడదు. యార్క్ ఇంకా ముట్టడిలో ఉండగానే, 1644 మేలో, చర్చిల్లో ఆర్గన్లు తొలగించాలని పార్లమెంటు ఆజ్ఞ ఇచ్చింది. జులైలో నగరం లొంగిపోయింది. కేథడ్రల్ సంగీతం మళ్లీ నిలదొక్కుకున్నది 1660లో రాజరికం తిరిగొచ్చాకే.

ఒక పక్షం ఆర్గన్ కోసం, ఇంకో పక్షం జనం గొంతు కోసం కొట్లాడుతుంటే, యార్క్‌లో ఆ రెండూ కలిసి మోగాయి. మేస్ రాసిన ఈ పేజీలు నాకింత ఇష్టం కావడానికి కారణం అదే. మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచినా ఇలాంటి కలయికే కనిపిస్తుంది. పురుషోత్తమ చౌదరి తెలుగు కీర్తనలూ, ఇంగ్లీషు బాణీల్లో పాడుకునే పాటలూ అదే పుస్తకంలో ఉంటాయి.

ఆ కాలపు మరికొందరు సంగీతకారులు

విలియం లాస్: రాజాస్థాన స్వరకర్త. 1645లో చెస్టర్ దగ్గర రాజు పక్షాన పోరులో చనిపోయాడు.

థామస్ టామ్‌కిన్స్: వూస్టర్ కేథడ్రల్ ఆర్గనిస్టు. 1649 జనవరి 30న రాజు తల నరికారు. టామ్‌కిన్స్ రాసిన విషాద పవాన్ (నెమ్మదిగా సాగే నృత్య సంగీతం) మీద ఉన్న తేదీ ఆ తర్వాతి ఫిబ్రవరి 14. 1656లో కన్నుమూశాడు. ఆయన చర్చి రచనలను కొడుకు నథానియల్ 1668లో అచ్చువేయించాడు.