నీటి పెట్టుబడి... నీళ్లపాలు కాకుండా!

కరవు నేలలో నీటికి గిరాకీ తగ్గదు. మరి ఆ నీళ్లు తెచ్చే కంపెనీల షేర్లు కొంటే లాభమే కదా అనిపిస్తుంది. కానీ తొందరపడొద్దు! దాహం జనానిది, బిల్లు కట్టేది వేరొకరు. అసలు లెక్కంతా అక్కడే ఉంది.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే సాధారణ వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకంగా కురవదు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు అక్కడి ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీటి పథకం చేపట్టింది. పైపులు వేసి, ట్యాంకులు కట్టిన సంస్థ ఎల్ అండ్ టీ. ఖర్చు మాత్రం ట్రస్టుది. దాహంతో ఉన్న పల్లె వేరు, డబ్బు చెల్లించే చెయ్యి వేరు. అన్ని ఊళ్లకూ అలాంటి దాత దొరకడు కాబట్టి చాలాచోట్ల ఆ చెయ్యి ప్రభుత్వానిదే అవుతుంది.

మూడు దారులు

నీటి రంగంలో కంపెనీలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకం పైపులూ పంపులూ తయారుచేస్తుంది. సరకు అమ్మాక చేతులు దులుపుకోవచ్చు. రెండోది కాంట్రాక్టు తీసుకుని పథకం కట్టి అప్పగిస్తుంది. బిల్లులు వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు. మూడోది సొంతంగా అప్పు తెచ్చి ప్లాంటు కట్టి, పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో నీళ్లు అమ్ముకుంటూ పెట్టుబడి రాబట్టుకుంటుంది. ఓపికా, అప్పూ రెండూ ఎక్కువే. ముగ్గురూ ‘నీటి కంపెనీ’లే అయినా, ముగ్గురి కష్టనష్టాలూ ఒకటి కావు.

మన కంపెనీ కథ

హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్ పేరు ఒకప్పుడు షేర్ మార్కెట్లో మార్మోగింది. నీటి పనుల్లో దానిది పెద్ద చెయ్యి. వానలు ముఖం చాటేస్తే అల్లాడిపోయే చెన్నై కోసం స్పెయిన్ సంస్థ బెఫెసాతో కలిసి మింజూరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కట్టింది. 2010లో మొదలైన ఆ ప్లాంటు సామర్థ్యం రోజుకు పది కోట్ల లీటర్లు. నీళ్లు కొనడానికి మెట్రోవాటర్ బోర్డు ఒప్పందం కుదుర్చుకుంది. ఇంకేం కావాలి?

కానీ కంపెనీ ఒక్క నీళ్లతో ఆగలేదు. సొంత పెట్టుబడితో రోడ్ల ప్రాజెక్టులూ తలకెత్తుకుంది. వడ్డీలు పెరిగాయి, రావాల్సిన సొమ్ము సమయానికి రాలేదు. 2018లో దివాలా ప్రక్రియ మొదలైంది. 2019లో ఆస్తులు అమ్మేయమని ట్రైబ్యునల్ ఆదేశించింది. బెఫెసాకు ఒకప్పటి మాతృసంస్థ అబెంగోవా కూడా 2015లోనే అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరింది. మన దివాలా చట్టం ప్రకారం ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బులో వాటాదారుల వంతు అందరికన్నా చివర. బ్యాంకులకే పూర్తిగా సరిపోనప్పుడు చిన్న మదుపరికి మిగిలేదేముంటుంది?

అంటే... ఊరికి నీళ్లు అవసరమే, ప్లాంటూ మంచిదే. మునిగింది మాత్రం షేరు కొన్నవాళ్లు!

కాగితంలో ఉంది కిటుకు

అమెరికాలోని శాన్ డియాగో ప్రాంతంలో ఏడాదికి సగటున 250 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అక్కడి కార్ల్స్‌బాడ్‌లో పొసైడాన్ అనే ప్రైవేటు సంస్థ సుమారు 100 కోట్ల డాలర్లతో నిర్లవణీకరణ ప్లాంటు నిర్మించింది. 2015 డిసెంబరులో ప్రారంభమైన దీని సామర్థ్యం రోజుకు సుమారు 19 కోట్ల లీటర్లు. పునాది తీయకముందే, 2012లో స్థానిక జలసంస్థ 30 ఏళ్ల ఒప్పందం రాసింది. వానలు బాగా పడినా సరే, ఏటా కనీసం ఇంత నీరు కొంటామన్నది షరతు. నాణ్యమైన నీరు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వరన్నది మరో షరతు. ఆ కాగితాన్ని నమ్మే మదుపరులు బాండ్లు కొన్నారు. ఒప్పందం లేకపోతే మంచి వానాకాలమే అలాంటి ప్లాంటుకు నష్టకాలం అవుతుంది.

ఖజానా తలుపు మూసుకుంటే...

ఇంటింటికీ కుళాయి ఇస్తామంటూ 2019లో కేంద్రం జల్‌జీవన్ మిషన్ ప్రారంభించింది. పైపుల కంపెనీలకూ, కాంట్రాక్టర్లకూ పండగే అన్నారు. అయితే 2024-25 బడ్జెట్‌లో 70 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, సవరించిన అంచనాల్లో దాన్ని 22,694 కోట్లకు కుదించారు. పథకం గడువును 2028 దాకా పొడిగించారు. చేతినిండా ఆర్డర్లు ఉన్నా, ఖజానా తలుపు కాస్త మూసుకుంటే చాలు, కంపెనీ లెక్కలు తారుమారవుతాయి.

కొనేముందు అడగండి

* నీళ్లకు డబ్బు కట్టేదెవరు? వాళ్ల ఆర్థిక స్థితి ఎలా ఉంది?
* రావాల్సిన బాకీలు అమ్మకాల కన్నా వేగంగా పెరుగుతున్నాయా? వార్షిక నివేదికలో ‘ట్రేడ్ రిసీవబుల్స్’ దగ్గర చూడండి.
* లాభం కాగితం మీదేనా, చేతికి నగదు వస్తోందా?
* అప్పు ఎంత? నీటితో సంబంధంలేని వ్యాపారాల్లో వేలు పెట్టారా?
* కరెంటు ఖర్చు పెరిగితే నీటి ధర పెంచుకునే వీలు ఒప్పందంలో ఉందా? ఉప్పునీటి శుద్ధిలో పెద్ద ఖర్చు కరెంటుదే.

వీటికి జవాబులు దొరక్కపోతే ఆ షేరును పక్కన పెట్టడమే మేలు. నచ్చినా సరే, పిల్లల చదువుకూ, అమ్మాయి పెళ్లికీ దాచిన సొమ్ము మొత్తం ఒకే కంపెనీలో పోయకండి. నీటి పథకాలు ఏళ్ల తరబడి సాగే పనులు. అంతకాలం ఆగగలిగే డబ్బుతోనే ఇటువైపు రావాలి. నీటి కరవు ఉన్నచోటల్లా లాభం ఉండదు. సకాలంలో బిల్లు కట్టే చెయ్యి ఉన్నచోటే ఉంటుంది.