ఇరవై ఒక్క అంకెల సంఖ్య

చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా రెట్టింపు చేస్తూ గింజలు పేర్చమని రాజును కోరిన పండితుని కథ లోక ప్రసిద్ధం. ఆ పలకకు మరి మూడు గడులు చేర్చి, అరవై ఏడు గడులలోని గింజలనూ కూడితే వచ్చే మొత్తం 14,75,73,95,25,89,67,64,12,927. అరవై ఏడు రెండ్లను గుణించి, ఆ లబ్ధం నుండి ఒకటి తీసివేసినా ఇదే సంఖ్య లభిస్తుంది. కనుక దీనిని 2⁶⁷ − 1 అని వ్రాస్తారు.

ఒకటి కన్న పెద్దదై, ఒకటి చేతను, తన చేతను తప్ప మరే సంఖ్య చేతను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య. 1644లో ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్న్యాసి మారిన్ మెర్సెన్ ప్రకటించిన ప్రధాన సంఖ్యల జాబితాలో 2⁶⁷ − 1 కూడ ఉన్నది. అందుకు ఆయన నిరూపణ చూపలేదు. అయినను రెండు శతాబ్దాలకు పైగా ఆ మాటను ఎవరూ ఖండింపలేకపోయారు.

1876లో ఎడ్వర్డ్ లూకాస్ అది ప్రధాన సంఖ్య కాదని నిరూపించారు. ప్రధాన సంఖ్య అయితే తప్పక లోబడవలసిన నియమానికి అది లోబడలేదు. కాని దాని కారణాంకాలేవో ఆయన పద్ధతి తెలుపలేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తెలియడం వేరు, దొంగను పట్టుకోవడం వేరు కదా!

ఆ పని ఫ్రాంక్ నెల్సన్ కోల్ చేశారు. 1903 అక్టోబరులో అమెరికన్ గణిత సంఘ సమావేశంలో ఆయన మాటైనా పలుకక నల్లబల్లపై ఒకవైపు 2⁶⁷ − 1 విలువ కట్టి, మరొకవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించి చూపారట. రెండు ఫలితాలూ ఒక్కటే! సభ కరతాళ ధ్వనులతో మారుమ్రోగిందనీ, ఈ శోధనకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయని కోల్ తనతో చెప్పారనీ గణితవేత్త ఇ. టి. బెల్ వ్రాశారు.

అంతకాలమెందుకు? ఈ సంఖ్య యొక్క ప్రతి ప్రధాన కారణాంకమును 134 చేత భాగిస్తే శేషం 1 రావాలి. ఈ నియమం వెదుకులాటను ఎంతో తగ్గిస్తుంది. అయినా చిన్న కారణాంకం ఆ వరుసలో 14,45,580వది! మరికొన్ని నియమాలతో వడగట్టక తప్పదు.

గుణించడం సులభం, విడదీయడం దుష్కరం. ఈ భేదమే ఆధారంగా 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రహస్య సందేశాలను కాపాడే పద్ధతిని రూపొందించారు. అందులో వాడే సంఖ్యలు వందలాది అంకెలు గలవి.

కోల్ కనుగొన్న రెండు సంఖ్యలను మీరు కాగితంపై గుణించి చూడండి. మూడేళ్ల శ్రమ ఫలితాన్ని కొద్ది సేపటిలో సరిచూడగలరు. పెద్దల మాటయైనను నిరూపణ లేనిదే సత్యం కాజాలదని ఈ సంఖ్య మనకు బోధిస్తున్నది.